ఐదు రూపాయల ముంబయి

హుస్సేన్‌సాగర్‌ ఎక్స్‌ప్రెస్‌ మధ్యాహ్నం నాంపల్లిలో బయల్దేరితే మర్నాడు ఇంకా తెల్లారకముందే ముంబయిలో దించేస్తుంది. కళ్లు నులుముకుంటూ, బ్యాగులు లెక్కపెట్టుకుంటూ ప్లాట్‌ఫాం మీద నిలబడిన కుటుంబాలు ఆ వేళప్పుడు చాలానే కనిపిస్తాయి. సెలవు దొరికింది రెండ్రోజులే. పిల్లలకు సముద్రం చూపించాలి, సిద్ధివినాయకుడి దర్శనం చేసుకోవాలి, మెరైన్‌ డ్రైవ్‌లో ఓ సాయంత్రం కూర్చోవాలి. గుమ్మం దాటారో లేదో చుట్టూ మూగుతారు... 'హోటల్‌ కావాలా, టాక్సీ కావాలా, ముంబయి దర్శన్‌ కావాలా' అంటూ. కొత్త ఊరు, హిందీ అంతంతమాత్రం. ఆ గాభరాలో నాన్న తీసుకునే మొదటి నిర్ణయమే చాలాసార్లు రెండ్రోజుల బడ్జెట్టునీ మింగేస్తుంది.

నిజానికి వాళ్లు దిగిన ప్లాట్‌ఫాంకి నాలుగడుగుల దూరంలోనే చవకైన ముంబయి ఉంది. సీఎస్‌ఎంటీలోని 18 ప్లాట్‌ఫాంలలో ఏడు లోకల్‌ రైళ్లవే. రెండో తరగతి టికెట్టు రూ.5 నుంచి మొదలవుతుంది. రైల్వేశాఖ 2025 జులైలో, మళ్లీ డిసెంబరులో ఛార్జీలు పెంచినప్పుడు కూడా లోకల్‌ టికెట్ల జోలికి వెళ్లలేదు. ఐదు రూపాయలకు దాదర్‌ దాకా... అంటే తొమ్మిది కిలోమీటర్లు! ఆ డబ్బుకి మన దగ్గర కప్పు టీ కూడా రాదు.

అయితే ఇంత చవకైన ఊళ్లోనూ టికెట్ల మీద డబ్బు పారబోసుకునేవాళ్లు ఉన్నారు. అదీ పొదుపు చేస్తున్నామనుకుంటూ!

పాస్‌ తీసుకుంటే లాభమేనా?

హైదరాబాద్‌ సిటీ బస్సుల్లో తిరిగినవాళ్లకు 'ట్రావెల్‌ యాజ్‌ యు లైక్‌' టికెట్టు గుర్తుండే ఉంటుంది. తర్వాత టీ-24 అన్నదీ ఆ తరహాదే. ఒక్కసారి డబ్బు కట్టేస్తే రోజంతా ఎక్కడైనా ఎక్కొచ్చు, ఎక్కడైనా దిగొచ్చు. ఆ అలవాటుతో ముంబయిలోనూ మనవాళ్లు ముందు అడిగే మాట 'డే పాస్‌ ఉందా?' అనే.

ఉంది. రైల్వేవాళ్లు ఇచ్చే టూరిస్టు టికెట్టు రెండో తరగతికి ఒక రోజుకి రూ.75, మూడు రోజులకు రూ.115, ఐదు రోజులకు రూ.135. పశ్చిమ, మధ్య, హార్బర్‌ లైన్లన్నిటిలోనూ చెల్లుతుంది. వినడానికి బాగానే ఉంది. కానీ కాగితం మీద లెక్క వేస్తే అసలు సంగతి బయటపడుతుంది.

అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు. ఐదు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు అర టికెట్టు ఉన్నా, లెక్క తేలిగ్గా ఉండటానికి నలుగురికీ పూర్తి టికెట్టే అనుకుంటే... మొదటి రోజు సాయంత్రం చర్నీరోడ్‌ నుంచి చర్చ్‌గేట్‌కి రూ.20. రెండో రోజు చర్చ్‌గేట్‌ నుంచి మహాలక్ష్మికి రూ.20, దాదర్‌ నుంచి బాంద్రాకి రూ.20, బాంద్రా నుంచి తిరిగి చర్చ్‌గేట్‌కి తలా పది చొప్పున రూ.40. రెండ్రోజుల రైలు ఖర్చు మొత్తం కలిపినా వంద రూపాయలు. అదే నలుగురికీ మూడ్రోజుల టూరిస్టు టికెట్లు తీసుకుంటే రూ.460. ఒకరోజువి రెండుసార్లు తీసుకుంటే రూ.600! విడి టికెట్టే అంత చవక కాబట్టి, పాస్‌ డబ్బు తిరిగి రాబట్టుకోవాలంటే రోజంతా రైళ్లు ఎక్కి దిగుతూనే ఉండాలి. సముద్రం చూసేదెప్పుడు?

మరి ఆ టికెట్టు ఎవరికోసం? విరార్‌లోనో, కల్యాణ్‌కి అవతలో చుట్టాలింట్లో దిగి, ఐదు రోజులపాటు రోజూ ఊళ్లోకి వచ్చిపోతూ, దారిలో నాలుగుచోట్ల ఆగేవాళ్లకు. రోజుకి రూ.27 పడుతుంది కాబట్టి వాళ్లకు కలిసొస్తుంది. మిగతావాళ్లకు మిగిలేది ఒక్కటే... మాటిమాటికీ క్యూలో నిలబడే బాధ తప్పడం. అదీ తక్కువ సుఖమేం కాదు. కాకపోతే రైల్వే వాళ్ల రైల్‌వన్‌ యాప్‌ ఫోన్లో ఉంటే ఆ బాధ ఎలాగూ తప్పుతుంది. ఊరి నుంచి బయల్దేరేముందే యాప్‌లో పేరు నమోదు చేసుకుని, కాస్త డబ్బు వేసుకుని ఉంచుకోవాలి. స్టేషన్లోకి వెళ్లి, ప్లాట్‌ఫాం మీద నిలబడి టికెట్టు తీద్దామంటే యాప్‌ ఒప్పుకోదు. రోడ్డు మీద ఉండగానే తీసుకోవాలి. తీసుకున్నాక గంటలోగా రైలెక్కాలి కాబట్టి పొద్దున హోటల్లో ఇడ్లీ తింటూ సాయంత్రం టికెట్టు కొని పెట్టుకోవడం కుదరదు.

బెస్ట్‌ బస్సులదీ దాదాపు ఇదే కథ. ముంబయిలో కరెంటు సరఫరా చేసే సంస్థే సిటీ బస్సులూ నడుపుతుంది. 1926లో అఫ్గాన్‌ చర్చి నుంచి క్రాఫర్డ్‌ మార్కెట్‌కి మొదటి బస్సు వేసింది. చాన్నాళ్లు ఐదు రూపాయలున్న కనీస ఛార్జీని 2025 మేలో రెట్టింపు చేశారు. ఇప్పుడు మామూలు బస్సుకు రూ.10, ఏసీ బస్సుకు రూ.12. రోజు పాస్‌ రూ.60 నుంచి రూ.75 అయింది. కనీస ఛార్జీ దూరాలే తిరిగితే ఏసీలో ఏడోసారి, మామూలు బస్సులో ఎనిమిదోసారి ఎక్కేటప్పుడు గానీ పాస్‌ లాభం మొదలవదు. ఒకరోజులో ఎనిమిది బస్సులెక్కేది కండక్టరు తప్ప ఇంకెవరు?

అన్ని ఊళ్లకూ ఈ లెక్క వర్తించదు. దిల్లీలో మెట్రో టికెట్లు 2025 ఆగస్టు నుంచి రూ.11 మొదలు రూ.64 వరకు ఉన్నాయి. అక్కడ దూరాలెక్కువ. ఎర్రకోట, కుతుబ్‌మినార్‌, అక్షర్‌ధామ్‌ ఒకేరోజు చూసేయాలనుకునేవాళ్లకు మెట్రో టూరిస్టు కార్డు ఉపయోగపడొచ్చు. లండన్‌లో ఈ తలనొప్పే లేదు. బ్యాంకు కార్డు తాకించి ఎక్కుతూ పోతే, ఒక హద్దు దాటాక ఆ రోజుకి ఇక డబ్బు పట్టుకోదు. కొడుకునో కూతురినో చూడ్డానికి వెళ్లిన మన పెద్దవాళ్లు చెయ్యాల్సిందల్లా రోజంతా అదే కార్డు వాడటం, ట్యూబ్‌ రైలు దిగేటప్పుడు కూడా మర్చిపోకుండా తాకించడం. ముంబయిలో అలాంటి హద్దు లేదు. మొత్తం లెక్క ప్రయాణికుడిదే.

నలుగురుంటే టాక్సీయే చవక!

సీఎస్‌ఎంటీ నుంచి బయటికొస్తే మొదట చేయాల్సిన పని వెనక్కి తిరిగి చూడటం. ఫ్రెడరిక్‌ విలియం స్టీవెన్స్‌ గీసిన ఆ భవనం పని 1878లో మొదలై 1888లో ముగిసింది. 2004లో ప్రపంచ వారసత్వ జాబితాలోకెక్కింది. ఎదురుగా ఉన్న నగరపాలక సంస్థ భవనమూ ఆయన పనితనమే. దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్‌ 16న థానేకి బయల్దేరింది ఇక్కడికి పక్కనే ఉండే పాత బోరీబందర్‌ స్టేషన్‌ నుంచే. దీనికి టికెట్టు లేదు. తలెత్తి చూడటమే.

ఇక్కణ్నుంచి గేట్‌వే ఆఫ్‌ ఇండియా రెండున్నర కిలోమీటర్లుంటుంది. బస్సయితే నలుగురికీ రూ.40. టాక్సీ? 2025 ఫిబ్రవరి నుంచి నలుపు-పసుపు టాక్సీల కనీస ఛార్జీ రూ.31. ఒకటిన్నర కిలోమీటర్ల వరకు అంతే, ఆపైన కిలోమీటరుకి రూ.20.66. అంటే గేట్‌వేకి యాభై రూపాయల పైచిలుకు. బస్సు కన్నా పన్నెండు రూపాయలే ఎక్కువ. అదే ఒకటిన్నర కిలోమీటర్ల లోపు దూరమైతే బస్సుకి నలభై, టాక్సీకి ముప్ఫయ్యొకటి... టాక్సీయే చవక! బస్సు ఛార్జీ రెట్టింపయ్యాక వచ్చిన తమాషా ఇది. ఒంటరిగా వెళ్లేవాళ్లకు బస్సు, నలుగురుంటే టాక్సీ. బస్సంటే చవక, టాక్సీ అంటే దుబారా అని చిన్నప్పట్నుంచీ తలలో నాటుకుపోయిన సూత్రాన్ని ఇక్కడ కాసేపు పక్కన పెట్టాలి. ఒక్కటే షరతు... మీటరు వేయించాలి. అర్ధరాత్రి నుంచి ఉదయం ఐదింటి వరకు పాతిక శాతం అదనం కాబట్టి రైలు మరీ పెందలాడే దిగితే వెయిటింగ్‌ హాల్లో మొహాలు కడుక్కుని, వేడివేడి టీ తాగి బయల్దేరడం మేలు.

మరో సంగతి. దక్షిణ ముంబయిలో ఆటోలు ఉండవు. మాహిమ్‌, సైన్‌ దాటి దక్షిణానికి వాటిని రానివ్వరు. బాంద్రా నుంచే అవి కనిపిస్తాయి. కనీస ఛార్జీ రూ.26. కానీ ముగ్గురినే ఎక్కించుకోవాలి. నలుగురి కుటుంబం రెండు ఆటోలు మాట్లాడితే చవకన్న మాటే ఉండదు. అక్కడ మళ్లీ బస్సే నయం. ఇక మన ఆడవాళ్లకు ఓ చిన్న గమనిక. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆధార్‌ చూపించి జీరో టికెట్టు తీసుకోవడం అలవాటైపోయింది. బెస్ట్‌ కండక్టరు ముందు అది చూపిస్తే నవ్వుతాడు.

గేట్‌వే దగ్గర్నుంచి సాయంత్రం వరకు దాదాపు టికెట్టుతో పనే లేదు. ఎలిఫెంటాకి లాంచీ ఎక్కేవాళ్లు ఆ రోజు సోమవారం కాకుండా చూసుకోవాలి. గుహలకు సెలవు. లాంచీ వద్దనుకుంటే కాలాఘోడా మీదుగా ఓవల్‌ మైదానానికి నడవొచ్చు. మైదానానికి ఒకవైపు రాజాబాయి గడియార స్తంభం, హైకోర్టు లాంటి గోథిక్‌ భవనాలు. మరోవైపు గుండ్రటి బాల్కనీల ఆర్ట్‌ డెకో ఇళ్లు. మధ్యలో పదుల సంఖ్యలో క్రికెట్‌ ఆటలు... ఎవరి బంతి ఎవరి ఫీల్డరు పట్టుకుంటున్నాడో తెలియదు! ఆ రెండు వరసలూ కలిపి 2018లో ప్రపంచ వారసత్వ హోదా పొందాయి. పిల్లలు మాత్రం క్రికెట్టే చూస్తారు. అక్కణ్నుంచి మెరైన్‌ డ్రైవ్‌ పది నిమిషాలు. దీపాలు వెలిగేదాకా గట్టు మీద కూర్చుని, మెల్లగా చౌపాటీ దాకా నడిచి, చర్నీరోడ్‌లో లోకల్‌ ఎక్కితే చర్చ్‌గేట్‌కి ఐదు రూపాయలు.

సాయంత్రం ఆరున్నరకి ముంబయి లోకల్లో పిల్లలతోనా? అంటారు. ఔను... అదే ఈ ఊరి అసలు కిటుకు.

జనం ఎటు... మనం అటు కాదు

ముంబయిలో ఆఫీసులు చాలాకాలంగా దక్షిణం వైపు, ఇళ్లు ఉత్తరం వైపు. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా జనమంతా చర్చ్‌గేట్‌, సీఎస్‌ఎంటీల వైపు ఉరుకుతారు. సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా అదే జనం వెనక్కి. ఆ రద్దీకి రైల్వేవాళ్లు పెట్టుకున్న పేరే 'సూపర్‌ డెన్స్‌ క్రష్‌ లోడ్‌'... చదరపు మీటరు చోటులో 14 నుంచి 16 మంది. అటువైపు రైలు కిక్కిరిసి ఉన్న సమయంలోనే పక్క పట్టాల మీద ఇటువైపు వచ్చే రైల్లో కిటికీ పక్కన సీటు దొరుకుతుంది. కాబట్టి స్టేషన్‌కి దగ్గర్లో, ఫోర్ట్‌ ప్రాంతంలో గది తీసుకున్న కుటుంబం పొద్దున ఉత్తరానికి వెళ్లి, సాయంత్రం దక్షిణానికి తిరిగొస్తే రెండుసార్లూ జనానికి ఎదురు ప్రయాణమే. హాయిగా కూర్చుని వెళ్లొచ్చు.

డబ్బు మిగుల్తుందని డోంబివలీలోనో విరార్‌లోనో చుట్టాలింట్లో దిగినవాళ్ల పరిస్థితి దీనికి పూర్తిగా తలకిందులు. గది అద్దె మిగులుతుంది గానీ రెండుపూటలా జనప్రవాహంలో పడిపోతారు. తప్పదనుకుంటే పొద్దున ఏడింటిలోపు బయల్దేరడం, లేదంటే పదకొండు దాటాక కదలడం. రాత్రి భోజనం ఊళ్లోనే చేసి తొమ్మిది తర్వాత రైలెక్కడం. చుట్టాలు 'ఇంతలోకే వెళ్లాలా' అని నొచ్చుకున్నా సరే. ముసలివాళ్లో, చంటిపిల్లలో వెంట ఉంటే గది అద్దెకీ దీనికీ పోలిక పెట్టుకోకపోవడమే మంచిది.

లోకల్‌ స్టేషన్లో ఆగేది అర నిమిషానికి అటూ ఇటూగా. తలుపులు మూసుకోవు, గంట కొట్టరు. నలుగురిలో ఇద్దరెక్కి, ఇద్దరు ప్లాట్‌ఫాం మీదే మిగిలిపోవడం కొత్తవాళ్లకు ఇట్టే జరిగిపోతుంది. దీనికి స్థానికులు పాటించే పద్ధతి ఒకటుంది. రైలెక్కేముందే దిగాల్సిన స్టేషన్‌, కలుసుకోవాల్సిన చోటు చెప్పుకుంటారు. విడిపోతే ఎక్కినవాళ్లు మధ్యలో దిగి వెతకరు. అనుకున్న స్టేషన్లో ఇండికేటర్‌ కింద నిలబడతారు. మిగిలినవాళ్లు తర్వాతి రైల్లో వస్తారు. మూడు నాలుగు నిమిషాలకో రైలు కాబట్టి కంగారక్కర్లేదు. కానీ పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి.

ఇక్కడే టికెట్టు సంగతి మళ్లీ వస్తుంది. అమ్మ, కూతురు ఆడవాళ్ల పెట్టెలోకి. నాన్న, కొడుకు జనరల్‌ పెట్టెలోకి. అందరికీ కలిపి తీసిన ఒకే టికెట్టు నాన్న ఫోన్లో! ఆడవాళ్ల పెట్టెలో టీసీ అడిగితే అమ్మ ఏం చూపిస్తుంది? 'మా ఆయన దగ్గరుంది' అన్న జవాబు ముంబయి టీసీలు రోజుకి వందసార్లు వింటారు. టికెట్టు లేకపోతే ఛార్జీతోపాటు కనీసం రూ.250 కట్టాలి. తలా ఐదు రూపాయల టికెట్టుని ఇద్దరిద్దరికి విడివిడిగా తీసుకోవడానికి ఒక్క పైసా అదనంగా అవదు. అమ్మ ఫోన్లోనూ యాప్‌ ఉంటే సరి, లేదంటే కౌంటర్లో రెండు కాగితం టికెట్లు తీసుకుని చెరొకటి దగ్గర పెట్టుకోవాలి.

ఫస్ట్‌క్లాసు ఉచ్చు ఇంకోటి. అదే రైల్లో, అదే రంగు పెట్టెల మధ్య ఉంటుంది. తలుపు పక్కన అడ్డచారలు తప్ప పెద్ద తేడా కనిపించదు. ఖాళీగా ఉందని సంబరపడి ఎక్కేస్తే మళ్లీ అదే జరిమానా. ఏసీ లోకళ్లు 2017 క్రిస్మస్‌ నాడు మొదలయ్యాయి. 2022 మేలో వాటి ఛార్జీలు సగానికి తగ్గించినా కనీస టికెట్టు రూ.35 ఉంది. రెండో తరగతి టూరిస్టు టికెట్టు వాటిలో చెల్లదు. మే నెల మధ్యాహ్నం నానమ్మ వెంట ఉంటే ఆ ముప్ఫై అయిదు రూపాయలూ దండగ కాదు. పిల్లలకు మాత్రం మామూలు లోకలే. కిటికీలోంచి గాలి కొట్టకపోతే అది ముంబయి లోకలే కాదు!

రెండో రోజు

పొద్దున తొమ్మిదింటికి చర్చ్‌గేట్‌లో నిలబడితే ఎదురుగా వచ్చిన ప్రతి రైలూ జనాన్ని కుమ్మరించి ఖాళీ అవుతుంది. ఆ ఖాళీ రైల్లోనే ఎక్కడం. ఇండికేటర్‌ మీద 'ఎస్‌' అని ఉంటే స్లో, 'ఎఫ్‌' అని ఉంటే ఫాస్ట్‌. మహాలక్ష్మిలో స్లో రైళ్లే ఆగుతాయి. స్టేషన్‌ పక్క వంతెన మీద నిలబడితే కింద ధోబీఘాట్‌... వరసలుగా సిమెంటు తొట్లు, పైన తాళ్ల నిండా ఆసుపత్రి దుప్పట్లు, స్కూలు యూనిఫాంలు. చూడ్డానికి టికెట్టు లేదు.

అక్కణ్నుంచి హాజీఅలీకి టాక్సీ నలభై రూపాయల ప్రాంతంలో అవుతుంది. దర్గాకి వెళ్లే దారి సముద్రం పోటు మీద ఉన్నప్పుడు మునిగిపోతుంది కాబట్టి నీళ్లు ఎటున్నాయో చూసుకుని నడవాలి. మహాలక్ష్మి గుడి కూడా దగ్గరే. తర్వాత సిద్ధివినాయకుడు. ఇంతకుముందైతే బస్సో టాక్సీయో. ఇప్పుడు గుడి పేరుతోనే మెట్రో స్టేషన్‌ ఉంది. ఆరే నుంచి కఫ్‌పరేడ్‌ వరకు 33.5 కిలోమీటర్ల భూగర్భ మెట్రో 2025 అక్టోబరుకి పూర్తిగా అందుబాటులోకి వచ్చింది. టికెట్టు రూ.10 నుంచి రూ.70 దాకా. హాజీఅలీ దగ్గర్లోని సైన్స్‌ సెంటర్‌ స్టేషన్లో ఎక్కితే మూడో స్టేషనే సిద్ధివినాయక్‌.

లోకల్‌ కన్నా మెట్రో ఖరీదే. అయితే లోకల్‌ స్టేషన్లలో వంతెన మెట్లు ఎక్కి దిగలేని మోకాళ్ల నొప్పులవాళ్లకు లిఫ్టున్న మెట్రో ధర్మప్రభువు. విమానంలో వచ్చేవాళ్లకూ అంతే. పాత విమానాశ్రయం రెండు టెర్మినళ్లకూ ఈ లైన్లో స్టేషన్లున్నాయి. ఎంత దూరమెళ్లినా నలుగురికి రూ.280 మించదు. దక్షిణ ముంబయికి మీటరు టాక్సీ అయిదొందలకు తగ్గదు. కాకపోతే 2025 డిసెంబరు నుంచి నవీ ముంబయిలోనూ విమానాలు దిగుతున్నాయి. టికెట్టు వందో రెండొందలో తక్కువుందని అక్కడికి బుక్‌ చేసుకుంటే, మిగిలింది కాస్తా ఊళ్లోకి వచ్చే దారిలోనే కరిగిపోతుంది.

సిద్ధివినాయక్‌ ఉన్న ప్రభాదేవి, పక్కనే వర్లీ, లోయర్‌ పరేల్‌... ఈ పేటలు మనవాళ్లకు కొత్త కాదు. బట్టల మిల్లుల్లో పనికి తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. అంతకన్నా ముందు ఈ నగరం కట్టడానికి వచ్చిన తెలుగు కూలీలను 'కామాఠీలు' అనేవారు. కామాఠీపురాకి ఆ పేరు వాళ్లవల్లే వచ్చింది. పాలమూరు కూలీల సంగతి సరేసరి. దాదర్‌లో ఆంధ్ర మహాసభ ఉంది. దాదర్‌ స్టేషన్‌ వంతెన మీద దారి తప్పి నిలబడి, ఫోన్లో ఇంటికి తెలుగులో గట్టిగా మాట్లాడుతుంటే 'ఎక్కడికెళ్లాలన్నా?' అని ఎవరో ఒకరు పలకరించడం వింతేమీ కాదు.

దాదర్‌ నుంచి బాంద్రా ఐదు రూపాయలు. మధ్యాహ్నం ఎండ తగ్గాక బాంద్రా బ్యాండ్‌స్టాండ్‌, అక్కణ్నుంచి సూర్యాస్తమయం. సాయంత్రం ఏడింటికి బాంద్రాలో చర్చ్‌గేట్‌ వైపు రైలు. ఎదురు ప్లాట్‌ఫాం మీద ఇసుక వేస్తే రాలనంత జనం, ఇటు సీట్లు! బస్సులు, టాక్సీలు, రైళ్లు, మెట్రో అన్నీ కలిపి నలుగురికీ రెండ్రోజుల్లో అయిన ఖర్చు ఐదొందల లోపే.

ఆదివారం జాగ్రత్త

ఇదంతా పనిరోజుల లెక్క. మనవాళ్లు ఎక్కువగా వచ్చేది శని, ఆదివారాలు. ఆదివారం ఆఫీసు రద్దీ ఉండదు గానీ పట్టాల మరమ్మతులుంటాయి. మెగాబ్లాక్‌, జంబోబ్లాక్‌ అంటారు. పొద్దున పది, పదకొండు నుంచి మధ్యాహ్నం మూడు, నాలుగు దాకా కొన్ని లైన్లలో రైళ్లు ఆపేస్తారు, ఫాస్ట్‌ రైళ్లను స్లో పట్టాల మీదకు మళ్లిస్తారు. ఏ లైన్లో ఎప్పుడన్నది ముందురోజే ప్రకటిస్తారు. శనివారం రాత్రి హోటల్లో అడిగినా చెబుతారు. అది తెలియక హార్బర్‌ లైన్లో పిల్లలతో రెండు గంటలు కూర్చున్నాక, కోపంతో టాక్సీకి ఇచ్చే ఆరొందలే ఈ ఊళ్లో అత్యంత ఖరీదైన టికెట్టు.

ఇక తిరుగు ప్రయాణం. హుస్సేన్‌సాగర్‌, దేవగిరి లాంటివి రాత్రిపూట సీఎస్‌ఎంటీ నుంచే బయల్దేరతాయి. ఫోర్ట్‌లో దిగినవాళ్లు బ్యాగులు పట్టుకుని నడిచి వెళ్లిపోవచ్చు. కానీ విశాఖ, కాకినాడ వైపు వెళ్లే కొన్ని రైళ్లు కుర్లా దగ్గరున్న లోకమాన్య తిలక్‌ టెర్మినస్‌ నుంచి వెళ్తాయి. టికెట్టు మీద 'ఎల్‌టీటీ' అని చిన్నగా ఉంటుంది. చాలామంది చూసుకోరు. సీఎస్‌ఎంటీ నుంచి హార్బర్‌ లైన్లో తిలక్‌నగర్‌కి రూ.10 చొప్పున నలుగురికీ రూ.40, దిగితే టెర్మినస్‌ పక్కనే. టాక్సీకి మూడొందల పైచిలుకు. తెల్లవారుజామున రైలైతే లోకలే హాయి. ఖాళీగా ఉంటుంది. సాయంత్రం రైలైతే మాత్రం ఆరింటి హార్బర్‌ లోకల్‌ అంటే ఇళ్లకు వెళ్లే జనంతోపాటే. నాలుగు బ్యాగులు, ఇద్దరు పిల్లలు, అర నిమిషం ఆగే రైలు. రెండ్రోజులుగా మిగిల్చిన డబ్బులోంచి ఆ మూడొందలూ తీసి మీటరు టాక్సీ ఎక్కాలి... అదీ రోడ్ల మీద ట్రాఫిక్కుని లెక్కేసుకుని రైలు టైముకి రెండు గంటల ముందే.